పలకని పడవ

సైలస్ పార్డీ ఉన్నన్నాళ్లూ ఆ వంటింట్లో తెల్లవారడమంటే పలకరింపులే. పొయ్యి పేరు గవర్నరు. కట్టెలు ఎన్ని మింగినా వెచ్చదనం మాత్రం పిసినారిలా విదిలిస్తుందని ఆ పేరు. కెటిల్ పేరు పాస్టరుగారు. మొదలెట్టడానికి బద్ధకం, మొదలెట్టాక ఆపడం తెలియదు. బయట గోడకి ఆనించిన ఒంటిచక్రం బండి పేరు లాజరు. అది ఎన్నిసార్లు చచ్చినా సైలస్ దాన్ని లేపుతూనే ఉన్నాడు. "లేవయ్యా గవర్నరూ, జనం ఇక్కడ చలికి చస్తున్నారు," అంటూ అతను పొయ్యి ఊచలు గలగలలాడించే చప్పుడుకే పైగదిలో ఫీనీకి మెలకువ వచ్చేది. ఆమె మెట్లు దిగేసరికి టీ నల్లగా మరిగి ఉండేది. అతని బూట్ల తడి గుమ్మం దాకా మచ్చలు మచ్చలుగా ఆరుతూ ఉండేది.

ఇప్పుడు ఫీనీయే ముందు లేస్తోంది. మాటాపలుకూ లేకుండా పొయ్యి వెలిగిస్తోంది. అతను పోయిన కొత్తలో ఒకరోజు, ఇంటికి అలవాటు తప్పకూడదన్నట్టు, "లేవయ్యా గవర్నరూ," అని తన గొంతుతో అంది. అన్నదో లేదో వంటింట్లో ఏదో చెవి ఒగ్గినట్టు నిశ్శబ్దం పడింది. కెటిల్ మూత కూడా కదలడం మానేసింది. పిలిచింది ఎవరా అని గదిలో ఉన్న వస్తువులన్నీ ఒక్కసారి తనవైపు తిరిగినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దేన్నీ ఆమె పేరుతో పిలవలేదు. పొయ్యిని పొయ్యి అని కూడా అనదు. "అది" అంటుంది.

సైలస్‌కి ఈ పేర్ల పిచ్చి మొదటినుంచీ లేదు. పెళ్లయిన మరుసటేడు వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. ఒక పూట ఊపిరి పీల్చింది. పాస్టరు నాలుగైదు రేవులు తిరగాలి, గాలి బాగుంటేనే మా రేవు హార్డ్‌బ్రెడ్ కోవ్‌కి వస్తాడు. ఆయన వచ్చేలోపే పిల్ల పోయింది. బాప్తిస్మం లేదు కాబట్టి పేరూ లేదు. చర్చి కంచెకి అవతల, బెర్రీ పొదల పక్కన పూడ్చి వచ్చారు. సైలస్ పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఒక్కొక్కటే లోపలికి తోశాడు. తర్వాత, "గవర్నరు," అన్నాడు.

"ఎవరు?" అంది పక్కగదిలో పడుకున్న ఫీనీ.

"ఇదే. ఈ పొయ్యి. ఈ ఇంట్లో ఇక ఏదీ పేరు లేకుండా ఉండకూడదు ఫీనీ."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. చనుబాలు పొంగి చొక్కా తడుస్తోంది. ఆ పేరు వింటే నవ్వొచ్చింది, ఆ నవ్వుకి ఆమెకే సిగ్గేసింది. ఏడాదిన్నర తర్వాత గార్లండ్ పుట్టినప్పుడు సైలస్ పాస్టరు కోసం ఆగలేదు. మంత్రసాని బొడ్డు కోస్తుండగానే గుమ్మంలోంచి పేరు చెప్పేశాడు.

పేర్ల విషయంలో మా రేవుకి ఒక కట్టుబాటు ఉంది. ఒడ్డు మీంచి నీళ్లవైపు మగవాడి పేరు పెట్టి పిలవరు. పిలిస్తే సముద్రం ఆ పేరు నేర్చుకుంటుందట. నేర్చుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు అదే పిలుస్తుందట. అందుకని పొగమంచు కమ్మినప్పుడు ఆడవాళ్లు కొండకొమ్ము మీదకెక్కి పడవల పేర్లు పెట్టి కేకలేస్తారు. నీళ్ల మీద మగవాళ్లు ఒకరినొకరు పిలుచుకునేది కూడా పడవ పేరుతోనే. మనిషి దారి తప్పినా పేరు విన్న పడవ తప్పదంటారు. ఎవరైనా నీళ్లలో పడితే మొదట కేకేసేది పడవ పేరే. పేరు లేని పడవలో మా వాళ్లెవరూ కాలు పెట్టరు. దాన్ని తోయడానికి చెయ్యి కూడా వేయరు. ఆ పేరు రాయాల్సింది ఆ ఇంటి ఆడది. మగవాడు కుంచె పట్టుకుంటే ముందు నవ్వుతారు, నవ్వడమయ్యాక ఆ పడవకి దూరంగా జరుగుతారు.

నీళ్ల కింద దాక్కున్న రాళ్లకీ పేర్లున్నాయి. ఏడుపుగొట్టు మార్తా, దొంగబల్ల, పెద్దమ్మ మోకాలు. ముద్దొచ్చి పెట్టినవి కావు. పడవని చీల్చే రాయికి పేరు లేకపోతే పక్కవాడికి దాని జాడ చెప్పేదెలా? కోళ్లకి మాత్రం ఎవరూ పేర్లు పెట్టరు. ఆదివారం కోసుకునేదానికి పేరెందుకు?

ఫీనీ అసలు పేరు ట్రైఫీనా. పెళ్లిరోజున పాస్టరు నోట వచ్చిందే తప్ప ఆ పేరు పూర్తిగా ఎవరూ పలికేవారు కాదు. మళ్లీ అది పడవ మీదకి ఎక్కింది, సైలస్ పోవడానికి రెండు వేసవుల ముందు. పాత పడవ అడుగు కుళ్లిపోయింది. చేపలు ఒడ్డుకొచ్చే వేళ మించిపోతోంది. సైలస్ సాల్ట్‌పాన్ హార్బరు దాకా వెళ్లి, మొగుడు పోయిన ఒక ముసలావిడ దగ్గర ఇంజను పడవ బేరమాడి తెచ్చాడు. మంచి పడవ. చుక్కాని ఉండే వెనక భాగాన్ని అమరం అంటారు కదా, ఆ అమరం చెక్క అప్పటికే పచ్చ రంగుతో నిగనిగలాడుతోంది.

పాత పేరున్న పడవ కొంటే చెక్క కనపడేదాకా గీకి, ఆ పొట్టు తగలబెట్టి, అప్పుడు కొత్త పేరు రాయాలి. అది మా వాళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గీకాక ఆ పాత పేరు మళ్లీ ఎవరూ ఎత్తరు, అది ఏమిటని అడగరు కూడా.

"గీకావా?" అంది ఫీనీ.

"గీకాను."

"చెక్క కనపడేదాకానా?"

"పోలీసమ్మా, గీకానన్నాను కదా! పొట్టు అక్కడే తగలబెట్టొచ్చాను. పైగా రంగు కూడా వేసి తెచ్చాను, చూడు. నీకు మిగిలింది పేరు రాయడమే."

"ఏం రాయాలి?"

"రాసేది ఎవరో వాళ్ల పేరే."

ఆమె మొహం ఎర్రబడింది. తెల్లరంగుతో తన పేరు తానే రాసుకుంది. బడిలో మూడో పుస్తకం దాటకపోయినా ఆమె అక్షరాలు గుండ్రంగా, నిండుగా ఉంటాయి. ఆ ఏడు పొగమంచు పట్టినప్పుడల్లా కొండకొమ్ము మీద నిలబడి "ట్రైఫీనా! ట్రైఫీనా!" అని తన పేరు తానే కేకేసేది. మిగతా ఆడవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లు.

"మళ్లీ తప్పిపోయావా పిల్లా?" అనేది పక్కింటి సెలీనా.

"దొరికితే చెప్పు, రొట్టె మాడుతోంది," అనేది ఫీనీ.

నవ్వేదే కానీ, ఆ తెల్లటి మసకలోకి తన పేరు తన నోట్లోంచి వెళ్లి, దేనికీ తగలకుండా పోతుంటే ఆ నవ్వు సగంలో ఆగేది. సెలీనా పిలిస్తే సెలీనా మొగుడి పడవ వచ్చేది. ఫీనీ పిలిచిన పడవ ఎప్పుడూ ఆఖరున వచ్చేది. అది కూడా పిలుపు వినొచ్చినట్టు కాక, సైలస్ బలవంతాన లాక్కొచ్చినట్టు. "దీనికి చెవుడు," అనేవాడు సైలస్, నవ్వుతూనే. "పక్కకే లాగుతుంది. ఎప్పుడూ తూర్పుకే." సాల్ట్‌పాన్ హార్బరు తూర్పున ఉంది.

అతను పోయిన రోజు పొగమంచు లేదు. అక్టోబరు నెల, ఆకాశం కడిగినట్టుంది. గాలి తూర్పునుంచి పడమటికి మెల్లగా వీస్తోంది. సైలస్ ఒక్కడే వెళ్లాడు. గార్లండ్‌కి ఆ రోజు పన్ను పోటు. బుగ్గకి గుడ్డ కట్టుకుని పైగదిలో పడుకున్నాడు. పొద్దెక్కాక ఫీనీ రొట్టె పిండి పిసుకుతోంది. మోచేతుల దాకా పిండి. అప్పుడు బయట్నించి తన పేరు వినిపించింది.

"ట్రైఫీనా."

సైలస్ గొంతే. కంగారుగా లేదు, ఏడుస్తున్నట్టు లేదు. కర్రల రేవు మీంచి కత్తి అందించమన్నట్టు, కాస్త గట్టిగా, అంతే. ఆమె పిండి చేతులతోనే గుమ్మంలోకి వెళ్లి, "ఏంటీ?" అంది. వాకిట్లో కోళ్లు తప్ప ఎవరూ లేరు. రేవు ఖాళీగా మెరుస్తోంది. తనని ఇంట్లో ఎప్పుడూ ఫీనీ అనే పిలిచేవాడు, ఇవాళ ఈ పెద్ద పిలుపేంటో అనుకుంది. లోపలికొచ్చి మళ్లీ పిండిలో చేతులు పెట్టింది. రొట్టె బాగానే పొంగింది. ఆ రాత్రి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పడవ మర్నాడు దొరికింది. సైలస్ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

పడవని తాడు కట్టి లాక్కొచ్చినవాడు సైలస్ తమ్ముడు ఓబెడ్. మాట మెత్తన, మనిషి మొద్దు. టోపీ చేతుల్లో నలుపుతూ వంటింట్లో నిలబడ్డాడు.

"సాల్ట్‌పాన్ హార్బర్లో ఉంది వదినా. ఇంజను ఆగిపోయి, చల్లగా ఉంది. వల సగం లాగి ఉంది. ఒక్క గీత పడలేదు పడవ మీద."

"గాలి ఇటువైపు కదా వీచింది. అటెలా వెళ్లింది?"

"నీటి ఒరవడి తీసుకుపోయిందంటున్నారు."

"నువ్వేమంటున్నావు?"

ఓబెడ్ టోపీ బల్ల మీద పెట్టాడు. "పడవ ఆ ముసలావిడ కర్రల రేవు దగ్గరికే వచ్చింది వదినా, దీన్ని మనకి అమ్మినావిడ," అన్నాడు. "దీన్ని ఇదివరకు కట్టేసే గుంజ దగ్గరికే. మూతి దానికి ఆనించి నిలబడి ఉందట, దూడ గుంజ దగ్గరికొచ్చినట్టు. ఆవిడ చేపలు కోస్తోందట. తల కూడా ఎత్తకుండా 'ఇవాళ ఆలస్యమైందే' అందట. అన్నాక గుర్తొచ్చిందట, మొగుడు పోయి చాలా కాలమైందని, పడవ కూడా తనది కాదని. కత్తి కింద పడేసి ఇంట్లోకి పారిపోయిందట డోర్కస్."

"ఎవరు?"

"ఆ ముసలావిడే. డోర్కస్."

తనకి వినిపించిన పిలుపు సంగతి ఫీనీ ఓబెడ్‌కి చెప్పలేదు. గార్లండ్‌కీ చెప్పలేదు. చెబితే, "పిలిస్తే వెళ్లకుండా రొట్టె చేసుకున్నావా?" అని వాళ్లు అనరు. కానీ తనకి తాను అనుకుంటోంది కదా, అది చాలు.

చలికాలమంతా పడవ పాకలో దుంగల మీద ఉంది. చలికాలమంతా ఆ పిలుపు వస్తూనే ఉంది. రోజూ కాదు. బట్టలు ఆరేస్తున్నప్పుడో, బంగాళదుంపల గోతిలోకి దిగినప్పుడో, పట్టపగలే, నీళ్లవైపు నుంచి ఒకే ఒక్కసారి. ఎప్పుడూ అదే గొంతు, అంతే గట్టిగా. దగ్గరికి రాదు, దూరం పోదు. అతను ఇంకా అక్కడే ఉండి పిలుస్తున్నాడా, లేక ఆ రోజు పిలిచిన పిలుపే ఇంకా అయిపోలేదా, ఆమెకి తెలియలేదు. మొదట్లో వినగానే చేతిలో ఉన్నది జారవిడిచేది. తర్వాత్తర్వాత రానిరోజు బెంగగా ఉండేది. నీళ్లవైపున్న కిటికీ రెక్క గడ్డకట్టే చలిలో కూడా వారగా తీసిపెట్టేది. "ఇంట్లో మంచు కురుస్తోందమ్మా," అని గార్లండ్ మూసేసేవాడు. వాడు వెళ్లగానే ఆమె మళ్లీ తీసేది.

మంచు కరిగాక గార్లండ్ అసలు మాటెత్తాడు. పొద్దున్న, మిగిలిన రొట్టె పిండిని పంది కొవ్వులో వేయించి, మొలాసిస్ పాకం పోసి పెట్టింది. వాడు మూడు తిన్నాక ప్లేటు జరిపాడు.

"పడవ దింపుతానమ్మా. ఈ వేసవికి నేనే వెళ్తాను."

"మీ బాబాయి తన పడవలో చోటుందన్నాడుగా."

"బాబాయి పడవలోనా? ఆయన నిద్రపోతూ చేపలు పడతాడు. ఆయన గురక విని చేపలు కూడా పడుకుంటాయి. ఎన్నాళ్లమ్మా, ఇంకొకడి పడవలో రెండో మనిషిగా? పాకలో నాన్న పడవ ఊరికే ఎండిపోతోంది."

"అది మంచి పడవ కాదు."

"నాన్న మంచిదనేవాడు."

"చెవుడని కూడా అనేవాడు."

గార్లండ్ నవ్వాడు. నవ్వితే అచ్చం వాళ్ల నాన్నే. ఆమె ఖాళీ ప్లేటు తీసింది. "అక్షరాలు కాస్త పెచ్చులూడాయి. వాటి మీద ఒకసారి కుంచె తిప్పు చాలు. శనివారం దింపుతామని అందరికీ చెప్పేశాను," అన్నాడు.

పద్దెనిమిదేళ్ల కొడుకు. ఒక్కగానొక్కడు. వాడు ఆ పడవలో ఒంటరిగా వెళ్తే ఏమవుతుందో అన్న భయం ఆమెకి ఉంది, కానీ అది దేనికో తనకే తెలియదు. అందుకని తలూపింది.

మర్నాడు మధ్యాహ్నం గీకుడు కత్తీ, రంగు డబ్బా పట్టుకుని పాకలోకి వెళ్లింది. తలుపు తెరిస్తే ఎండ సరిగ్గా అమరం చెక్క మీద పడింది. తన పేరు అక్కడక్కడా ఊడి, చిలుము పట్టినట్టుంది. పెచ్చులూడినచోట మెల్లగా గీకింది. తెల్లరంగు కింద పచ్చరంగు వచ్చింది. పచ్చరంగు కింద చెక్క రావాలి. ఎరుపు వచ్చింది.

చేయి ఆగింది. ఎర్రరంగుకి ఒక ఒంపు ఉంది. ఇంకొంచెం గీకింది. ఒంపు అక్షరమైంది. దాని పక్కన ఇంకోటి. గీకేకొద్దీ ఆమె పేరు పొట్టుపొట్టుగా రాలిపోతోంది, దాని కిందనుంచి ఇంకో పేరు పైకొస్తోంది, బురద నీళ్లలోంచి ముఖం తేలినట్టు. చివరి అక్షరం దాకా వచ్చాక ఆమె కూడబలుక్కుని చదివింది.

డోర్కస్.

ఆ ముసలావిడ మొగుడు ఆవిడ పేరే పెట్టుకున్నాడన్నమాట. సైలస్ దాన్ని గీకనే లేదు. చేపలు వచ్చేస్తున్నాయన్న తొందరలో రెండుసార్లు రంగు పూసి తెచ్చేశాడు. చిన్న అబద్ధం. ఆ రోజు తను ఇంకొక్కసారి గట్టిగా అడిగి ఉంటే నవ్వేసి నిజం చెప్పేసేవాడు.

ఆమె అక్కడే బోర్లించిన తొట్టి మీద కూలబడింది. చలికాలమంతా అర్థంకానిది ఇప్పుడు ఒక్కొక్కటీ అర్థమవుతోంది. ఆ రోజు సైలస్ నీళ్లలో పడ్డాడు. పడవ ముందుకు వెళ్లిపోతోంది. మా రేవు మగవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. పడవని పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు పడవది కాదు. దాని ఒంటి మీద రాసి ఉన్నా అది దాని పేరు కాదు. పడవ వెనక్కి తిరగలేదు, తన సొంత పేరు ఎక్కడ ఉందో అక్కడికి గాలికెదురుగా వెళ్లిపోయింది. పలకాల్సింది పలకలేదు కాబట్టి ఆ పిలుపు ఆ పేరు ఇంకెవరిదో వాళ్లని వెతుక్కుంటూ ఒడ్డెక్కింది. పిండి చేతులతో ఉన్న తన దగ్గరికి వచ్చింది. "ఏంటీ?" అని తను పలికింది కూడా. తను పలికితే ఏం లాభం?

చీకటి పడేలోపు ఆమె ఎరుపంతా గీకేసింది. ఇసుకరాయి పెట్టి రుద్దింది. రంగు పోయింది, అక్షరాలు పోలేదు. ఎన్నో ఏళ్లు ఎండకీ ఉప్పుకీ చుట్టూ చెక్క అరిగిపోయి, రంగు కప్పినచోట మాత్రం అరగక, ఆ పేరు చెక్కలోంచి ఉబ్బి నిలబడింది. కళ్లు మూసుకుని తడిమితే వేళ్లకి తగులుతోంది. రుద్దింది, మళ్లీ తడిమింది. రుద్దేకొద్దీ ఇంకా స్పష్టంగా ఉన్నట్టే ఉంది. వేళ్లు తీసేసేటప్పుడు, ఆ చెక్క ఎండలో ఉన్నందుకో మరెందుకో, బతికున్న ఒంటిలా వెచ్చగా ఉందని తెలిసి గబుక్కున చెయ్యి ఏప్రన్‌లో చుట్టేసుకుంది.

పొట్టంతా ఊడ్చి పొయ్యిలో వేసింది. అది ఎప్పుడూ లేనంతగా మండింది.

తర్వాతి రోజు, ఆ తర్వాతి రోజు పిలుపు రాలేదు. ఆమె కిటికీ వారగా తీసి కూర్చుంది. బట్టలు రెండుసార్లు ఆరేసింది. పనేమీ లేకపోయినా బంగాళదుంపల గోతిలోకి దిగి నిలబడింది. ఏమీ లేదు. తన పేరు పడవ మీంచి ఊడిపోగానే అతనికి పిలవడానికి ఏమీ మిగల్లేదు కాబోలు. ఇన్నాళ్లూ సైలస్ పోయాడని ఊరంతా అన్నా ఆమెకి పోయినట్టు లేదు. ఇప్పుడు పోయాడు. సెలీనా గిన్నెడు సూపు తెచ్చి, "ఏమైంది పిల్లా, మొహం అలా ఉంది?" అంటే ఆమె భోరుమంది. సూపు చల్లారిపోయేదాకా సెలీనా పక్కన కూర్చుంది.

ఆమెకి తెలుసు. మళ్లీ కుంచె ముంచి ఆ చెక్క మీద ట్రైఫీనా అని రాస్తే ఆ గొంతు తిరిగొస్తుంది. శనివారమే రావచ్చు. రాయడం ఎంతసేపు? గార్లండ్ అడిగింది కూడా అదే. కొడుక్కి కావలసిందీ, తనకి కావలసిందీ ఒకటే.

శుక్రవారం నాడు చర్చి కంచె అవతలికి వెళ్లింది. ఆమె అక్కడికి తరచూ వెళ్లే మనిషి కాదు. పొదల కింద మంచు ఇంకా కొంచెం మిగిలి ఉంది. మట్టి పూర్తిగా చదునైపోయి, చోటు తనకి మాత్రమే తెలిసేలా ఉంది. సైలస్ ఇంటినిండా పేర్లు పెట్టుకుంటూ తిరిగినన్నాళ్లూ ఈ పిల్లకి పేరు లేదని ఆమె ఏడ్చేది. ఇప్పుడు నిలబడి చూస్తే ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్లలో ఈ పిల్ల ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. ఏడవలేదు, పిలవలేదు. ఏ గాలీ దీన్ని పిలిచి లేపలేదు, పిలవడానికి ఏమీ లేదు. పేరు పెట్టుకున్నవన్నీ ఏదో ఒక రోజు పిలుస్తాయి, లేదా పిలిస్తే వెళ్లిపోతాయి. ఇదొక్కటే నిద్రపోతోంది. మనుషులు దేనికైనా పేరు పెట్టేది తిరిగి రమ్మనడానికే అనుకుంటారు. తాడుకి రెండో కొస ఎవరి చేతిలో ఉందో చూసుకోరు.

తిరిగొచ్చి అమరం చెక్కంతా ఒకేలా తెల్లరంగు పూసింది. సాయంత్రం గార్లండ్ పాకలోకి తొంగిచూశాడు.

"పేరేదమ్మా?"

"కింద పూత ఆరాలి."

"రేపటికి ఆరుతుందా?"

"ఆరుతుంది," అంది. అది మాత్రం నిజమే.

శనివారం పొద్దున్నే జనం వచ్చారు. పడవ దింపడమంటే మా రేవులో పెళ్లి లాంటిది. మగవాళ్లు దుంగలు వరసగా పరిచారు. సెలీనా కెటిల్ నిండా టీ తెచ్చింది. ఓబెడ్ కొత్త తాడు భుజాన వేసుకొచ్చాడు. "నా పడవ వద్దన్నావటగా దొరా," అని గార్లండ్ నెత్తిన ఒక్కటి మొట్టాడు. "నీ గురక వద్దన్నాను బాబాయ్," అన్నాడు వాడు. అందరూ నవ్వారు. పాకలోంచి పడవని ముక్కుతూ మూలుగుతూ బయటికి లాగారు. దుంగల మీద సగం దూరం వచ్చాక, వెనకనుంచి తోద్దామని అటు వెళ్లిన ముసలి హెజెకియా చేతులు చెక్క మీద ఆనించబోయి ఆపేశాడు.

"స్కిప్పర్, ఇక్కడేం రాసి లేదే," అన్నాడు గార్లండ్‌తో.

నవ్వులు ఆగాయి. ఒక్కొక్కరూ వచ్చి చూశారు. చూసినవాళ్లు చూసినట్టే చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

"రాస్తుంది, రాస్తుంది," అన్నాడు గార్లండ్ గబగబా. "ఇప్పుడే రాస్తుంది. మా అమ్మ కుంచె పడితే క్షణంలో పని." పాకలోకి పరుగెత్తి పచ్చరంగు డబ్బా మూత పీకి తెచ్చాడు, కుంచె తెచ్చాడు. రెండూ ఆమె ముందు రాయి మీద పెట్టాడు. "అమ్మా. రా."

ఆమె వచ్చి చెక్క ముందు నిలబడింది. తెల్లపూత మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఏటవాలుగా పడితే తెలుస్తోంది, తెలుపు కింద తెలుపు, ఉబ్బెత్తుగా. ఆమె పక్కకి జరిగి ఓబెడ్‌కి చూపించింది. ఓబెడ్ వంగి, కళ్లు చికిలించి, పెదాలు కదుపుతూ ఒక్కొక్క అక్షరం చదివాడు. నడుం ఎత్తేసరికి మొహం పాలిపోయింది.

"గీకలేదా అన్నయ్య?" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా. అందరికీ వినపడింది.

"నేను గీకాను. పోదు," అంది ఫీనీ.

"అయితే ఏమైంది?" గార్లండ్ గొంతు పెరిగింది. "చెక్క మీద మచ్చ! దాని మీద రాసెయ్. ఇన్నాళ్లూ ఉన్న పేరే కదా."

"మీ నాన్న ఆ పేరే పిలిచాడు. అది పలకలేదు."

"నీకెలా తెలుసు?"

"నాకు వినిపించింది."

సెలీనా చేతిలో కెటిల్ వంగి టీ నేల మీద కారిపోతోంది, ఆమె చూసుకోవడం లేదు. గార్లండ్ తల్లి మొహంలోకి చూశాడు. ఆ రోజు బుగ్గకి గుడ్డ కట్టుకుని పైగదిలో ఉన్నాడు వాడు. కింద తల్లి గుమ్మందాకా వెళ్లి "ఏంటీ?" అనడం వాడికీ వినిపించి ఉంటుంది. తనని కాదులే అనుకుని ఉంటాడు.

"అయితే డోర్కస్ అనే రాయి," అన్నాడు. "దాని పేరు దానికి ఇచ్చెయ్. అప్పుడైనా పలుకుతుంది కదా."

"పలుకుతుంది. ఆవిడ పిలిస్తే పలుకుతుంది. నువ్వు పిలిస్తే ఎటు తిరుగుతుందో నేను చెప్పలేను."

"ఇంకేదైనా రాయి! నీ ఇష్టమొచ్చింది రాయి. ఏదో ఒకటి రాయమ్మా, అందరూ చూస్తున్నారు." వాడు కుంచె తీసి డబ్బాలో ముంచి, పిడి ఆమెవైపు తిప్పి చాచాడు. పచ్చ చుక్కలు వాడి బూటు మీద పడుతున్నాయి.

ఒక్క పేరు. చేతికి అలవాటైన అక్షరాలే. రాస్తే ఈ సాయంత్రమే కిటికీలోంచి తన పేరు వినిపిస్తుందేమో. ఆమె చేయి నిజంగానే ఒకసారి లేచింది. లేచిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, రెండూ ఏప్రన్‌లో చుట్టి, గట్టిగా ముడివేసినట్టు పొట్టకి అదుముకుంది.

"రాయను," అంది.

ముందుగా హెజెకియా టోపీ సర్దుకుని వెనక్కి జరిగాడు. తర్వాత ఇద్దరు. తర్వాత అందరూ, పడవకి వీపు చూపించకుండా పక్కపక్కగా అడుగులు వేస్తూ. ఓబెడ్ భుజం మీది తాడు దించలేదు, కట్టనూలేదు. గార్లండ్ కుంచె చాచి అలాగే ఉన్నాడు. ఆమె వాడినే చూస్తూ నిలబడింది, వాడి చేయి నొప్పి పుట్టి దిగేదాకా నిలబడేట్టుగా. రాయి మీద తెరిచి ఉన్న డబ్బాలో రంగు మెల్లగా మీగడ కడుతోంది.